స్పాన్సర్ పోయాక ఫైలు ఏమవుతుంది?

(అమెరికాలో పిల్లలో తోబుట్టువులో ఉన్న కుటుంబాల కోసం విజయవాడలో జరిగిన ఒక సమావేశంలో, న్యూజెర్సీలో ఇమిగ్రేషన్ న్యాయవాదిగా పనిచేస్తున్న వక్త చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ అంశం మీద మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులలో ఒక పెద్దాయన, "శుభమా అని అన్నదమ్ములు పిలుస్తుంటే ఆ మాటెందుకండీ, వీసా ఇంటర్వ్యూకి ఎలా వెళ్లాలో చెప్పండి చాలు" అన్నారు. ఆయన ఇబ్బంది నాకు తెలుసు. బతికున్న మనిషి పోతే ఏం చేయాలని ముందుగా ఆలోచించడం మన ఇళ్లలో అపశకునం. కానీ నా వృత్తిలో నాకు వచ్చే ఫోన్లలో అన్నిటికన్నా బరువైనవి పెద్దకర్మ అయిన మర్నాడు వచ్చేవే. "అన్నయ్య పోయాడండి, మా ఫైలు ఉంటుందా, పోతుందా?" అని అడుగుతారు. అడిగిన వెంటనే, ఇంత దుఃఖంలో ఇదా నేను అడిగేది అని తమను తామే తిట్టుకుంటారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తమ్ముడిని తన దగ్గరికి తెచ్చుకోవాలన్నది పోయిన అన్నగారి కోరికే కదా.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. అమెరికా పౌరులు తమ తోబుట్టువుల కోసం వేసే పిటిషన్లను ఎఫ్-4 కేటగిరీ అంటారు. ప్రపంచం మొత్తానికి ఈ కేటగిరీలో ఏడాదికి దక్కే వీసాలు 65,000. అందులో భార్యలు, భర్తలు, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. దీనికి తోడు ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది. ఏ తేదీన పిటిషన్ వేసినవారి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది. ఫలితంగా 2025 నాటి బులెటిన్లలో భారతీయుల ఎఫ్-4 తేదీ ఇంకా 2006లోనే నడిచింది. అంటే 2006లో నలభై ఎనిమిదేళ్ల వయసులో తమ్ముడి కోసం కాగితాలు వేసిన అన్నగారికి, తమ్ముడి వంతు వచ్చేసరికి అరవై ఏడేళ్లు. మధ్యలో గుండె జబ్బులు వచ్చాయి, కోవిడ్ వచ్చింది, హైవే ప్రమాదాలు జరిగాయి. ఇంత పొడవైన క్యూలో పిటిషనర్ మరణం ఎక్కడో ఒకరికి జరిగే అరుదైన సంఘటన కాదు, ఆ క్యూలో భాగమే. అయినా చట్టం మాత్రం దాన్ని చాలాకాలం పాటు ఊహించని ప్రమాదంలాగే చూసింది. ఇప్పటికీ సగం అలాగే చూస్తోంది.

ముందు ఒక విషయం విడదీసి చెప్పాలి. మనం "స్పాన్సర్" అని ఒకే మాట వాడతాం గానీ, ఆ ఒక్క మనిషి నిజానికి రెండు పనులు చేస్తాడు. ఐ-130 అనే పిటిషన్ వేసి, ఈ మనిషి నా తమ్ముడు, నా తల్లి, నా భార్య అని బంధుత్వాన్ని నిరూపించడం మొదటి పని. వంతు వచ్చాక ఐ-864 అనే పత్రం మీద సంతకం చేసి, వీళ్లు ప్రభుత్వం మీద ఆధారపడకుండా నేను చూసుకుంటానని ఆర్థికంగా పూచీ పడటం రెండవది. ఆయన పోతే ఈ రెండూ ఒకేసారి కూలిపోతాయి. ఒకదాన్ని నిలబెట్టి రెండోదాన్ని మరిచిపోతే ప్రయోజనం ఉండదు. బంధుత్వం తాలూకు పిటిషన్‌కు ప్రాణం పోయడానికి ఒక దారి, పూచీకి ఇంకొక మనిషిని తేవడానికి మరొక దారి ఉన్నాయి. రెంటినీ కలిపి నడిపించాలి.

ఇక మూల నియమం. పిటిషన్ ఆమోదం పొందిన తర్వాత, లబ్ధిదారు, అంటే ఎవరి కోసం పిటిషన్ వేశారో ఆ మనిషి, అమెరికాకు ప్రయాణం మొదలుపెట్టకముందు పిటిషనర్ మరణిస్తే, ఆ ఆమోదం తనంతట తానే రద్దవుతుంది. అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకున్న వారికైతే ఆ దరఖాస్తు మీద తుది నిర్ణయం రాకముందు మరణిస్తే ఇదే జరుగుతుంది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కరలేదు, నోటీసు పంపనక్కరలేదు. నిబంధనలో మరొక మాట కూడా ఉంది: రద్దు చనిపోయిన రోజు నుంచి కాదు, ఆమోదించిన రోజు నుంచే అమలవుతుంది. అంటే పన్నెండేళ్ల కిందట ఇచ్చిన ఆమోదం అసలు ఇవ్వనట్టే. ఆమోదం రాకుండా పెండింగ్‌లోనే ఉన్న పిటిషన్ అయితే, సాధారణ నియమం ప్రకారం దాన్ని తిరస్కరిస్తారు. ఈ నియమానికి ఉన్న మినహాయింపుల గురించే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది. ఆ మినహాయింపులు అందరికీ ఒకేలా వర్తించవు, అదే అసలు చిక్కు.

ఈ మినహాయింపులు ఎలా వచ్చాయో కొంచెం చెప్పనివ్వండి. 2003 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ పడవ రేవు కట్టడాన్ని ఢీకొని పదకొండు మంది చనిపోయారు. వారిలో లూయిస్ రాబిన్సన్ అనే అమెరికా పౌరుడు ఒకరు. ఆయన భార్య ఓసెరిటా జమైకాకు చెందినవారు, పెళ్లయి ఎనిమిది నెలలే. భర్త వేసిన పిటిషన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. అప్పటి చట్టం ప్రకారం పౌరుడైన భర్త పోయినప్పుడు వివాహం రెండేళ్లు పూర్తయి ఉంటేనే భార్యకు భార్యగా గుర్తింపు మిగిలేది. లేకపోతే భర్త చనిపోయిన రోజుతో ఆమె ఆ చట్టం దృష్టిలో ఎవరూ కాకుండా పోయేది. దీన్ని అక్కడ "విడో పెనాల్టీ" అని పిలిచేవారు, అంటే వైధవ్యానికి శిక్ష. కార్లా ఫ్రీమన్ అనే దక్షిణాఫ్రికా మహిళ కేసులో 2006లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వ్యాఖ్యానం తప్పని తేల్చింది. 2009లో రాబిన్సన్ కేసులో మూడో సర్క్యూట్ కోర్టు మాత్రం ప్రభుత్వ వాదననే సమర్థించింది. భర్త పోయిన స్త్రీ ఏ కోర్టు పరిధిలో కాపురముందన్న దాన్ని బట్టి ఆమె గతి మారే పరిస్థితి వచ్చింది. చివరికి అమెరికా కాంగ్రెస్ కల్పించుకోక తప్పలేదు. 2009 అక్టోబర్ 28న సంతకమైన హోంలాండ్ సెక్యూరిటీ శాఖ బడ్జెట్ చట్టంలో ఆ రెండేళ్ల షరతును తీసేశారు. ఇమిగ్రేషన్ చట్టంలో 204(ఎల్) అనే కొత్త సెక్షన్ చేర్చిందీ ఆ చట్టమే. బడ్జెట్ చట్టంలో ఎక్కడో ఒక మూలన పెట్టడం వల్లనేమో, ఇంత మేలు చేసే సెక్షన్ గురించి ఇవాళ్టికీ చాలా మందికి తెలియదు.

ముందు భార్యాభర్తల సంగతి చెబుతాను, ఎందుకంటే అందరికన్నా వారి దారి తేలిక. అమెరికా పౌరుడు గానీ పౌరురాలు గానీ మరణిస్తే, అంతకుముందు వేసిన ఐ-130 పిటిషన్ దానంతటదే ఐ-360 అనే పిటిషన్‌గా మారిపోతుంది. బతికున్న జీవిత భాగస్వామి ఇక తన కోసం తానే పిటిషనర్. అసలు పిటిషనే వేయకముందు మరణిస్తే, మరణించిన నాటి నుంచి రెండేళ్లలోగా ఐ-360 స్వయంగా వేసుకోవచ్చు. ఇరవై ఒకటి నిండని, పెళ్లికాని పిల్లలు కూడా అందులోకి వస్తారు. ఐ-864 పూచీ పత్రం అవసరమే లేదు. ఆమె అమెరికాలో ఉండి ఉండాలన్న షరతూ లేదు; గుంటూరులో ఉన్నా హక్కు హక్కే. వివాహం నిజమైనదై ఉండాలి, మరణించే నాటికి చట్టప్రకారం విడిపోయి ఉండకూడదు, గ్రీన్‌కార్డు చేతికి వచ్చేలోగా మళ్లీ పెళ్లి చేసుకోకూడదు.

ఇక్కడ మన ఇళ్ల పద్ధతి గురించి ఒక మాట అనక తప్పదు. భర్త పోయిన అమ్మాయిని పుట్టింటికి తెచ్చుకుంటారు. సంవత్సరీకం పెట్టేదాకా కాగితాల ఊసెత్తకూడదంటారు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ డబ్బులు, అత్తవారితో ఆస్తి పంపకాలు మొదలవుతాయి. పెళ్లి సర్టిఫికెట్ అసలు కాపీ అటువైపు వాళ్ల బీరువాలో ఉంటుంది. వారు ఇవ్వరు. ఈ లోగా రెండేళ్ల పుణ్యకాలం గడిచిపోతుంది. ఈ గడువును పెంచే అధికారం ఎవరికీ లేదు. పెద్దలకు నా విన్నపం ఏమిటంటే, పెద్దకర్మ అయిన తర్వాత ఆ అమ్మాయి చేత కాగితాల మీద సంతకం పెట్టించడం అమర్యాద ఏమీ కాదు.

భర్త పౌరుడు కాకుండా గ్రీన్‌కార్డుదారు మాత్రమే అయితే ఈ వెసులుబాటు ఏదీ వర్తించదు. ఆమె మిగతా బంధువులతో సమానం. ఈ తేడా తెలియక, ఐ-360 వేసుకోవచ్చునని ఎవరో చెబితే విని సమయం పోగొట్టుకున్నవారిని చూశాను.

ఇప్పుడు 204(ఎల్) సంగతి. పిటిషనర్ మరణించిన రోజున లబ్ధిదారు అమెరికాలో నివసిస్తూ, ఆ తర్వాత కూడా అక్కడే నివసిస్తూ ఉంటే, పిటిషన్ పెండింగ్‌లో ఉన్నా ఆమోదం పొందినా, పిటిషనర్ బతికే ఉన్నట్టుగా భావించి దాన్ని ముందుకు నడిపించమని ఈ సెక్షన్ చెబుతుంది. ప్రజాప్రయోజనానికి విరుద్ధమని అధికారులు భావిస్తే తప్ప నిరాకరించరు. నివాసం అంటే ఆ మనిషి వాస్తవంగా ఉంటున్న ప్రధాన నివాసం, అంతే. అక్కడే స్థిరపడాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది చూడరు. మరణించిన రోజున ఆ మనిషి ఇండియాకు చుట్టపుచూపుగా వచ్చి ఉన్నా, కాపురం అక్కడే అయితే ఫర్వాలేదు. పిటిషనర్ బతికుండగా పిటిషన్ దాఖలై ఉండటం మాత్రం తప్పనిసరి. దీనికి ప్రత్యేకమైన ఫారం లేదు, ఫీజు లేదు. మరణ ధ్రువపత్రం, నివాసానికి ఆధారాలు, కొత్త పూచీదారు ఐ-864 జతచేసి, ఈ పిటిషన్లను పరిశీలించే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు లిఖితపూర్వకంగా విన్నవించుకోవాలి.

ఈ సెక్షన్ ఒక్క కుటుంబ పిటిషన్లకే పరిమితం కాదు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న వ్యక్తి మరణిస్తే ఆయన భార్యాబిడ్డలకు కూడా వర్తిస్తుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేస్తూ, కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్ ఐ-140 ఆమోదం పొందిన ఇంజనీరు పోతే, ఆయన మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకు ఆ క్యూలోని స్థానం నిలుస్తుంది. కానీ క్యూలో స్థానం వేరు, ఈ రోజున దేశంలో ఉండే హోదా వేరు. హెచ్-4 హోదా భర్త హోదా మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి, ఆయనతోపాటే పోతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్‌కు చెందిన శ్రీనివాస్ కూచిభొట్ల జాత్యహంకారపు తూటాకు బలైనప్పుడు ఈ విషయం మన తెలుగువారికి కళ్లకు కట్టింది. అంత్యక్రియలకు భర్త దేహంతో స్వదేశం వచ్చిన భార్యకు, తిరిగి వెళ్లే హక్కు ఆయనతోపాటే పోయిందని తెలిసింది. స్థానిక ప్రజాప్రతినిధి కల్పించుకుని సాయపడితే గానీ ఆమె తాత్కాలికంగానైనా తిరిగి వెళ్లలేకపోయారు. దేశమంతా చూస్తున్న కేసు కాబట్టి ఆ సాయం అందింది. పేపర్లలోకి ఎక్కని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మీలో చాలామంది ఇప్పుడు మనసులో అనుకుంటూ ఉంటారు: మేమంతా ఇక్కడ విజయవాడలో, తెనాలిలో, ఏలూరులో ఉన్నాం, అమెరికాలో నివసించే వారికిచ్చే వెసులుబాటు మాకెందుకు అని. ఒక్క నిమిషం ఆగండి. ఈ సెక్షన్‌లో మన ఇళ్లకు పనికొచ్చే ఒక కిటుకు ఉంది. పిటిషన్ మీద ఉన్న లబ్ధిదారులలో ఏ ఒక్కరైనా నివాస షరతును నెరవేరిస్తే చాలు, ఆ పిటిషన్ అందరికీ బతుకుతుందని యూఎస్‌సీఐఎస్ విధానం చెబుతోంది. ఉదాహరణకు అన్నగారు డాలస్‌లో ఉన్నారు. తమ్ముడు తెనాలిలో ఉన్నారు, భార్యా కూతురూ ఆయనతోపాటు పిటిషన్‌లో ఉన్నారు. కూతురు ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదవడానికి అమెరికా వెళ్లింది. అన్నగారు మరణించిన రోజున ఆ అమ్మాయి కాలేజీ దగ్గర గది తీసుకుని అక్కడే ఉంటోంది. అప్పుడు తెనాలిలో ఉన్న తల్లిదండ్రులు కూడా 204(ఎల్) కింద విన్నవించుకునే అవకాశం ఉంటుంది. అయితే ఆ అమ్మాయి ఇంకా పిటిషన్‌లో లబ్ధిదారుగా మిగిలి ఉండాలి, అంటే పెళ్లి కాకూడదు, చట్టం లెక్కించే వయసు ఇరవై ఒకటి దాటకూడదు. 2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలాన్ని వయసులోంచి తీసివేసి లెక్కిస్తారు. అందుకే ఇరవై రెండేళ్లొచ్చాయి, అయిపోయిందిలే అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. ఎంఎస్ చదవడానికి పిల్లలను పంపిన ఇళ్లు ఎన్నో ఉన్న ఈ ఊళ్లో, ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా నేను రావడం దండగ కాదు.

పిల్లలెవరూ అక్కడ లేరు, పిటిషన్‌లో ఉన్నవారంతా ఇక్కడే ఉన్నారు. వారికి మిగిలిన దారి హ్యుమానిటేరియన్ రీఇన్‌స్టేట్‌మెంట్. రద్దయిన పిటిషన్‌ను మానవతా దృష్టితో పునరుద్ధరించమని కోరడం అన్నమాట. 204(ఎల్) దాదాపు హక్కులాంటిదైతే, ఇది పూర్తిగా దయ. నిరాకరిస్తే అప్పీలు లేదు. అందులోనూ పిటిషనర్ చనిపోయే నాటికే పిటిషన్ ఆమోదం పొంది ఉండాలి. మన ఎఫ్-4 కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీసేది ఈ షరతే. వీసా నంబరు రావడానికి ఎలాగూ పందొమ్మిదేళ్లు పడుతుంది కదా అని ఆ పిటిషన్లను ఏళ్ల తరబడి తెరవకుండా పక్కన పెడతారు. ఆ మధ్యకాలంలో అన్నగారు పోతే, ఆ కుటుంబానికి దయ అడగడానికి కూడా ఆధారం ఉండదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఫైలు తెరవడంలో జరిగిన ఆలస్యం ప్రభుత్వానిది, దాని భారం మోసేది తెనాలిలోని తమ్ముడు.

మన తప్పు కూడా కొంత ఉంది. మీ దగ్గరున్న కాగితం పిటిషన్ అందినట్టు ఇచ్చిన రశీదా, లేక ఆమోదించినట్టు ఇచ్చిన నోటీసా అన్నది ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగను గానీ, ఇంటికి వెళ్లాక చూసుకోండి. రెంటినీ ఐ-797 అనే పిలుస్తారు, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. రశీదునే ఆమోదమనుకుని పదేళ్లు పూజగదిలో పెట్టుకున్న ఇల్లు నాకు తెలుసు.

పిటిషన్ ఆమోదం పొంది ఉంటే, పునరుద్ధరణ కోరే విన్నపాన్ని మూల లబ్ధిదారే, అంటే పిటిషన్ ఎవరి పేరు మీద ఉందో వారే చేసుకోవాలి. అధికారులు చూసే అంశాలు ఇంచుమించు ఇవి: కుటుంబం విచ్ఛిన్నమవుతుందా, అమెరికాలో ఉన్న పౌరులకో గ్రీన్‌కార్డుదారులకో కష్టం కలుగుతుందా, లబ్ధిదారు వృద్ధుడా లేక అనారోగ్యంతో ఉన్నారా, ఇక్కడ ఆయనకు ఇల్లూ వాకిలీ ఉన్నాయా, అక్కడ ఇంకా దగ్గరి బంధువులు ఉన్నారా, ప్రభుత్వం వైపు నుంచి మితిమీరిన ఆలస్యం జరిగిందా. ఇవన్నీ ఉండాలని కాదు, కొన్ని బలంగా ఉంటే చాలు.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. విన్నపం రాయమంటే "మేము ఇరవై ఏళ్లు ఎదురుచూశాము, దయచేసి కనికరించండి" అని ఒక పేజీ రాసి పంపుతారు. మరికొందరు ఏజెంటుకు డబ్బు కట్టి, అందరికీ ఒకే నమూనాలో ఉండే ఉత్తరం పంపుతారు. ఎదురుచూడటం ఒక్కటే మానవతా కారణం కాదు, ఆ క్యూలో ఉన్న అందరూ ఎదురుచూసేవారే. నా అనుభవంలో విన్నపాన్ని నిలబెట్టేది అమెరికాలో మిగిలిన వారి కష్టం. అన్నగారు పోయాక అక్కడ డెబ్బై ఐదేళ్ల తల్లి ఉంటే, ఆమె గ్రీన్‌కార్డుదారు అయితే, ఆమెను చూసుకునేది ఇప్పుడు ఎవరు? వదినగారు పగలంతా ఉద్యోగానికి వెళితే, ఆటిజం ఉన్న పిల్లవాడికి ఆసరా ఎవరు? డాక్టరు రిపోర్టు, వదిన రాసిన ఉత్తరం, పిల్లవాడి స్కూలు ఇచ్చిన కాగితాలు, తల్లి మందుల బిల్లులు, ఇవి మాట్లాడతాయి. మీరు ఇక్కడి నుంచి రాసే ఉత్తరం కన్నా, అక్కడ ఉన్నవారు రాసే ఉత్తరానికే బరువెక్కువ.

ఇప్పుడు పూచీ సంగతికి వద్దాం. 2002లో వచ్చిన ఫ్యామిలీ స్పాన్సర్ ఇమిగ్రేషన్ యాక్ట్ ప్రకారం, మరణించిన పిటిషనర్ స్థానంలో మరొక దగ్గరి బంధువు పూచీ పడవచ్చు. ఆ మనిషిని సబ్‌స్టిట్యూట్ స్పాన్సర్ అంటారు. పద్దెనిమిదేళ్లు నిండి, పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి, అమెరికాలో నివాసం ఉండాలి. పేదరికపు గీతగా ప్రభుత్వం ఏటా ప్రకటించే ఆదాయానికి నూట ఇరవై ఐదు శాతం ఆదాయం చూపించాలి. ఎవరు ఆ బంధువులో చట్టం వరసలు పెట్టి చెబుతుంది: లబ్ధిదారుకు భార్య, భర్త, తల్లి, తండ్రి, అత్త, మామ, తోబుట్టువు, కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు, బావ, మరిది, వదిన, మరదలు, తాత, అమ్మమ్మ, నానమ్మ, మనవడు, మనవరాలు, చట్టబద్ధమైన సంరక్షకుడు.

జాగ్రత్తగా విన్నారా? అన్న కొడుకు ఆ జాబితాలో లేడు. బాబాయి లేడు, మేనమామ లేడు. మన లెక్కలో అన్న కొడుకు కొడుకులాంటివాడే, కానీ అమెరికా చట్టం దృష్టిలో "లాంటి" అన్న వరస లేదు. అన్నగారు పోయిన మర్నాడు మా ఆఫీసుకు ఫోన్ చేసి, "నేనున్నాను, మా బాబాయికి నేను సంతకం పెడతాను" అని ఆదుర్దాగా చెప్పే కుర్రాళ్లు ఎందరో. సబ్‌స్టిట్యూట్ స్పాన్సర్‌గా వాళ్ల సంతకం చెల్లదు, వాళ్ల అమ్మ సంతకం చెల్లుతుంది, ఎందుకంటే ఆమె లబ్ధిదారుకు వదిన. వదినకు ఆదాయం చాలకపోతే అప్పుడు కొడుకు జాయింట్ స్పాన్సర్‌గా, అంటే ఆమెతోపాటు పూచీ పడే రెండో మనిషిగా, పక్కన నిలబడవచ్చు. అందుకే నేను తరచూ చెబుతుంటాను, ఈ ఫైలు బతకాలా వద్దా అన్నది చాలాసార్లు వదినగారి చేతిలో ఉంటుందని. భర్త బతికున్నప్పుడు ఈ పిటిషన్ గురించి ఆమెను ఎవరూ అడిగి ఉండరు. ఆస్తుల దగ్గర మాటలు తేడా వచ్చి ఉండవచ్చు. పదేళ్లుగా రాకపోకలు లేకపోవచ్చు. అటువంటప్పుడు ఆమె సంతకం చేయకపోతే తప్పుపట్టలేం, చేసిందంటే ఆమె పెద్ద మనసే. ఆ పూచీ అల్లాటప్పాది కాదు, మీరు అక్కడికి వెళ్లాక ప్రభుత్వ సాయం తీసుకుంటే దాన్ని ఆమె దగ్గర వసూలు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది.

తల్లిదండ్రుల విషయం ఇంకా బాధాకరమైనది. పౌరుడైన కొడుకు వేసిన పిటిషన్‌కు క్యూ ఉండదు కాబట్టి అంతా ఏడాది రెండేళ్లలో అయిపోతుంది. ఆ కొద్ది కాలంలోనే కొడుకు పోతే, కడుపుకోతతో ఉన్న తల్లిదండ్రులకు మనవలను చూసుకోవడానికైనా వెళ్లే దారి మూసుకుపోతుంది. పిటిషన్ ఆమోదం పొంది ఉంటే, కోడలు సబ్‌స్టిట్యూట్ స్పాన్సర్‌గా ఉండి పునరుద్ధరణ కోరవచ్చు. పౌరులైన మనవలకు తండ్రి లేని లోటు, కోడలు ఒంటరిగా పడే అవస్థ బలమైన కారణాలే. వేరే దారి చూసుకుందామంటే, మనవడికి ఎన్నేళ్లు వచ్చినా తాతకు పిటిషన్ వేసే హక్కు లేదు. మరొక కొడుకో కూతురో అక్కడ పౌరులుగా ఉంటే కొత్త పిటిషన్ వేయడమే మేలు.

లబ్ధిదారే పోతే ఏమవుతుందని కూడా అడుగుతారు. తెనాలిలోని తమ్ముడే మరణిస్తే, ఆయన భార్యాబిడ్డలకు ఆ పిటిషన్ మీద హక్కు పోతుంది. వారిలో ఎవరైనా అప్పటికే అమెరికాలో నివసిస్తుంటేనే 204(ఎల్) ఆదుకుంటుంది. పునరుద్ధరణ దారి అక్కడ పనిచేయదు.

ఒక హెచ్చరిక. మరణాన్ని దాచకండి. ముంబైలో ఇంటర్వ్యూ రోజున అధికారి మీ అన్నగారు ఎలా ఉన్నారని అడిగితే, బాగున్నారని చెప్పి వీసా తీసుకున్నవారి సంగతులు నేను విన్నాను. వీసా స్టాంపు పడిన తర్వాత, ప్రయాణానికి ముందు అన్నగారు పోయినా కూడా పిటిషన్ రద్దయినట్టే. ఆ వీసాతో విమానం ఎక్కితే మొదటి కాగితంలోనే లోపం ఉన్నట్టు. అది ఐదేళ్ల తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడు బయటపడుతుంది. తెలిసి అబద్ధం చెప్పారని తేలితే ఆ మనిషికి అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. నిజం చెబితే కాన్సులేట్ ఆ ఫైలును యూఎస్‌సీఐఎస్‌కు తిప్పి పంపుతుంది, అక్కడ మీ విన్నపానికి కనీసం ఒక అవకాశమైనా ఉంటుంది.

చివరిగా ఒక ఏర్పాటు, ఇది మరణం గురించి కాదు, ముందుచూపు గురించి. ఒకే మనిషి కోసం ఎంతమంది అర్హులైనా వేర్వేరుగా పిటిషన్ వేయవచ్చు. అక్కడ అన్న ఉన్నారు, అక్క ఉన్నారు, ఇద్దరూ పౌరులే అయితే, ఇద్దరినీ ఈ రోజే వేయమని చెప్పండి. తల్లి కూడా పౌరురాలైతే ఆమె కూడా వేయవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఒక్కో ఐ-130కి కాగితం మీద వేస్తే 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో వేస్తే 625. ఒకరి పిటిషన్ కూలిపోయాక రెండోవారు వేస్తే, పాత ప్రయారిటీ తేదీ, అంటే క్యూలో స్థానాన్ని నిర్ణయించే తేదీ, కొత్త పిటిషన్‌కు రాదు, క్యూలో మళ్లీ చివరికి వెళ్లి నిలబడాలి. మొదటి పిటిషన్ పక్కనే రెండోది కూడా పాతదై ఉంటే ఒకరు పోయినా రెండోవారిది మీకు మిగులుతుంది.

ఆ రశీదు నంబర్లు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో అవి అన్నగారి ఈమెయిల్‌లోనో, ఆయన ఆఫీసు గది డ్రాయర్‌లోనో ఉంటాయి. ఆయన పోయాక పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు మామూలు కబుర్లలో భాగంగానే, "అన్నయ్యా, ఆ కాగితం ఫోటో తీసి ఒకసారి వాట్సాప్‌లో పెట్టు" అని అడగండి. ఆయన ఎందుకు అని అడగరు. ఒకవేళ అడిగితే, విజయవాడ సభలో లాయరు అడగమన్నాడని నా పేరు చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. ముందు వరుసలో అమ్మగారు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు.